ఫిరంగికి నీళ్ల పరీక్ష

1358 ఫస్లీ మొదట్లో, అంటే ఇంగ్లీషు లెక్కన 1948 అక్టోబరులో, నన్ను నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు బాయిలర్ల అసిస్టెంట్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ముందు నెలలోనే పోలీస్ యాక్షన్ జరిగింది. నిజాం సర్కారు పోయి మిలిటరీ సర్కారు వచ్చింది. జెండా మారింది, పై అధికారులు మారారు, కచేరీ భాష కూడా మారబోతోందని చెప్పుకున్నారు. బాయిలరు నిర్వచనం మాత్రం మారలేదు. ఐదు గ్యాలన్లకు మించి నీళ్లు పట్టి, ఒత్తిడితో ఆవిరి పుట్టించడానికి వాడే మూసిన పాత్ర ఏదైనా బాయిలరే. ఆ రోజుల్లో రెండు ప్రభుత్వాలకూ కుదిరిన విషయాలు తక్కువ. వాటిలో ఇదొకటి.

మా ఉద్యోగం సంగతి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. బాయిలరుకు జాతకం ఉండాలి. రేకు ఏ ఫ్యాక్టరీది, ఎంత మందం, రివెట్లు ఎంత దూరంలో వేశారు, తయారుచేసినవాడు ఎవరి సమక్షంలో పరీక్షించాడు, ఇవన్నీ నక్షాలతో సహా మా దఫ్తరుకు చేరాలి. అవి నిబంధనల పుస్తకంతో సరిపోతే దాని నుదుటన ఒక నెంబరు కొడతాం. ఆపైన ఏటేటా చల్లార్చి, లోపల దూరి, సుత్తితో కొట్టి, నీళ్ల ఒత్తిడి పెట్టి చూసి, ఒక ఏడాదికి సర్టిఫికెట్ ఇస్తాం. జాతకం లేని బాయిలరు మా దృష్టిలో లేనట్టే. లేనిది నడుస్తూ కనిపిస్తే యజమాని మీద కేసు పెడతాం. మనుషుల పుట్టుకను ఇంత శ్రద్ధగా రాసిపెట్టుకున్న ప్రభుత్వం నాకు తెలిసి ఏదీ లేదు.

నా మొదటి తనిఖీ రామన్నపేట వైపు ఒక బియ్యం మిల్లులో. అక్కడి బాయిలరు ఇంగ్లీషు సీమ నుంచి వచ్చింది. ఇత్తడి బిళ్ల, నెంబరు, జాతకం, దేనికీ లోటు లేదు. సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి పూలదండ వేశారు. ప్రెషర్ గేజి ముల్లు అరవై దగ్గర నిలిచి ఉంది. నిప్పు వేసి లేదు కదా, అరవై ఎక్కడిదని అడిగాను.

“అది ఎప్పుడూ అరవైయే సార్,” అన్నాడు సేటు. “సర్టిఫికెటున్నది గద. ఇగ గేజితోని ఏం పని?”

ఒత్తిడి హద్దు మీరితే దానంతటదే తెరుచుకుని ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వు ఒకటి ప్రతి బాయిలరుకూ ఉంటుంది. దాన్ని ఇనుప తీగతో బిగించి కట్టేశారు. ఊరికే ఆవిరి పోతే కట్టెలు దండగట. నేను ఆ తీగ విప్పిస్తుండగా మిల్లు ముందు మిలిటరీ జీపు ఆగింది.

దిగినవాడు కెప్టెన్. కట్టంగూరు దగ్గర రోడ్డు మీద వాళ్ల క్యాంపు. పడుచువాడు, మర్యాదస్తుడు. ఆ రోజుల్లో మిలిటరీవాడు మర్యాదగా అడిగితే కాదనడం మరీ కష్టం. తన మనుషులు ఒక ఊళ్లో ఫిరంగిని పట్టుకున్నారనీ, దాని సొంతదారు భార్య మాత్రం అది బాయిలరని నెత్తీనోరూ కొట్టుకుంటోందనీ, బాయిలర్లు తెలిసినవాడు ఒకడు ఈ చుట్టుపక్కల ఉన్నాడని విని వచ్చాననీ ఇంగ్లీషులో చెప్పాడు. వచ్చి అది బాయిలరు కాదని ఒక కాగితం రాసిస్తే పని అయిపోతుందన్నాడు.

నాతోపాటు మా ఖలాసీ గౌస్ మియా కూడా జీపెక్కాడు. పరీక్ష పంపు మోసేది, దాన్ని ఆడించేది ఆయనే. నాకన్నా పాత ఉద్యోగి. ఆ నెలలో ఆయన టోపీ పెట్టుకోవడం మానేసి సంచిలో పెట్టుకున్నాడు. ఆ టోపీ చూస్తే చాలు, రజాకారని మీద పడే రోజులవి.

ఊరి పేరు రాయను. ఎందుకో చివరికి తెలుస్తుంది. గడీ బురుజు కింద ఎడ్లబండి చక్రాల మీద ఆ వస్తువు ఉంది. మనిషి పొడుగున్న ఇనుప గొట్టం, రెండు కొసలా మూతలు, నిండా రివెట్లు, మసి. నేను కెప్టెన్‌ను తప్పుపట్టను. దాన్ని చూసి ఫిరంగి అనుకోనివాడికి చూపు పరీక్ష చేయించాలి.

దాని పక్కన తాళ్లతో కట్టేసి కూర్చోబెట్టిన మనిషి కమ్మరి బ్రహ్మయ్య. ఆయన చరిత్ర నాకు ఆయన భార్య లచ్చమ్మ చెప్పింది, మధ్యమధ్య ఆయన్ను తిడుతూ.

మా వైపు ఆముదాల పంట ఎక్కువ. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి పైకి తేలిన నూనెను తీస్తే అది వంటాముదం. పొద్దంతా పొయ్యి దగ్గర కూర్చునే పని. బ్రహ్మయ్య సికింద్రాబాదు పాతసామాన్ల అంగట్లో ఒక గొట్టం కొని, దానికి రెండు వైపులా రేకులు రివెట్లతో బిగించి, కింద పొయ్యి అమర్చి, చక్రాలు తగిలించాడు. ఊరూరా తిప్పుతూ ఆవిరితో ఆముదం ఉడికించి ఇచ్చేవాడు. బతుకు బాగానే గడిచింది. ఇంతలో రజాకార్లు ఊళ్ల మీద పడసాగారు. ఒకనాడు వాళ్లు వస్తున్నారని తెలిసి, ఊరివాళ్లు ఈ గొట్టాన్ని బురుజెక్కించి, కింద నిప్పేసి, దారి వైపు తిప్పి పెట్టారు. వాళ్లు చెరువు కట్ట దాకా వచ్చేసరికి వాల్వు తెరుచుకుని గర్జించింది. వచ్చినవాళ్లు వచ్చిన దారినే పోయారు. ఆ రోజు నుంచి బ్రహ్మయ్య ఆముదం పేరు ఎత్తలేదు. చుట్టూ ఊళ్లల్లో ఆయన ఫిరంగి బ్రహ్మయ్య అయ్యాడు.

అది ఫిరంగి అన్నప్పుడు సర్టిఫికెట్ చూపమన్నవాడు లేడు. బాయిలరు అనగానే అందరూ అడగడం మొదలుపెట్టారు.

“నీ నోటితోని జెప్పు. ఇది ఫిరంగా, బాయిలరా?” అని బ్రహ్మయ్యను అడిగాను.

ఆయన నన్ను చూశాడు, చుట్టూ మూగిన ఊరిని చూశాడు. “ఫిరంగి బ్రహ్మయ్య అంటే పది ఊర్లల్ల లేచి నిలవడుతరు సారూ,” అన్నాడు గొంతు తగ్గించి. “బాయిలర్ బ్రహ్మయ్య అంటే ఎవడు సలాం గొడ్తడు?”

“ఆ సలాం గొట్టెటోళ్లు రేపు జైలుకు బువ్వ మోసుకొస్తరా?” అంది లచ్చమ్మ. “ఆముదం ఉడకవెట్టుకొని బతుకుమంటే ఆసియా ఖండం గెలిచినట్టు తిరిగె. మీసాలు జూడుండ్రి సారూ, తాళ్లతోని కట్టేసినా కిందికి దిగుత లేవు.”

మర్నాడు పొద్దున ఆయన్ను నల్లగొండకు, అక్కణ్ణుంచి మిలిటరీ విచారణకు పంపుతారు. కమ్యూనిస్టుల సంఘం వాళ్లకు ఆయుధాలు చేసిచ్చిన కమ్మరి అన్నది అభియోగం. ఆ నెలల్లో అలా వెళ్లినవాళ్లు ఎప్పుడు తిరిగి వచ్చేదీ, అసలు వచ్చేదీ రానిదీ చెప్పగలిగిన అధికారి నాకు తారసపడలేదు. బాయిలరని తేలితే మాత్రం అది మా చట్టం కిందికి వస్తుంది. రిజిస్టరు కాని బాయిలరు నడిపిన నేరానికి జుర్మానాతో పోతుంది. అంటే బ్రహ్మయ్యను కాపాడాలంటే ఆయన నేరస్థుడని నేను రుజువు చేయాలి. నా ఉద్యోగంలో ముద్దాయికి ఇంత మేలు కోరి పెట్టిన కేసు మరొకటి లేదు.

ఇబ్బంది సాక్షులతో వచ్చింది. ముత్తయ్య అనే ముసలాయన ఊరి పరువు తన భుజాల మీద ఉన్నట్టు ముందుకొచ్చాడు.

“రెండు కోసుల దూరం ఇనవడ్డది సారూ దీని సప్పుడు! ముప్పై మంది రజాకార్లు వచ్చిండ్రు, యాభై మంది ఉరికిండ్రు!”

నేను ఆయన్ను పక్కకు తీసుకెళ్లి, ఈ మాటలు బ్రహ్మయ్య మెడకు ఉరితాడు పేనుతున్నాయని చెప్పాను. ముత్తయ్య ఆలోచించాడు. తిరిగి వెళ్లి కెప్టెన్ ముందు నిలబడి వాంగ్మూలం సవరించుకున్నాడు.

“బాయిలరే సారూ. మస్తు మంచి బాయిలర్. రజాకార్ల మీద గూడ బాగ పేలింది.”

కెప్టెన్ ఇక మాటలు వద్దన్నాడు. బాయిలరైతే నిప్పు వేసి ఆవిరి పుట్టించి చూపించమన్నాడు. “పేలిందా, ఆయుధం. పేలలేదా, నీ బాయిలరు,” అన్నాడు. తర్కంగా చూస్తే ఇందులో తప్పేమీ లేదు. మా నిబంధనల పుస్తకంలో మాత్రం ఇంత క్లుప్తమైన పరీక్ష లేదు.

ఆవిరికి ముందు నీళ్ల పరీక్ష జరగాలని పట్టుబట్టాను. దాని కారణం ఇది. నీళ్లను ఎంత నొక్కినా పెద్దగా కుంచించుకుపోవు. అందుకే నీళ్ల ఒత్తిడికి పాత్ర పగిలినా, కాసిని నీళ్లు కారి ఊరుకుంటాయి. ఆవిరి అలా ఊరుకోదు. చోటు దొరికితే వందల రెట్లు పెరిగి, పాత్రనూ పక్కనున్న ఇన్‌స్పెక్టరునూ వెంటబెట్టుకుపోతుంది. నడిపించదలచిన ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు నీళ్లతో పెట్టి, అది నిలబడితేనే నిప్పు ముట్టించాలి.

నడిపించదలచిన ఒత్తిడి ఎంత? జాతకం లేని ఇనుముకు అది చెప్పడం జ్యోతిష్యం. రేకు మందం కొలిచాను, రివెట్ల వరస కొలిచాను, ఇనుము నాసిరకమని ముందే ఒప్పుకుని లెక్క వేశాను. చదరపు అంగుళానికి ఇరవై పౌండ్లు వచ్చింది. అంటే నీళ్లతో ముప్పై. గొట్టానికి గేజి లేదు. నా పెట్టెలోని పరీక్ష గేజిని బిగించాను.

గౌస్ మియా పంపు ఆడించాడు. ముల్లు ఇరవై దాటేసరికి వెనక మూత దగ్గర నాలుగు రివెట్లు చెమర్చాయి. చెమ్మ అంటే ఓటమి కాదు. రేకు అంచును మొద్దు ఉలితో కొట్టి బిగిస్తే ఆగుతుంది. ఆ పనికి కమ్మరి కావాలి. కెప్టెన్ బ్రహ్మయ్య తాళ్లు విప్పించి, వెనక ఇద్దరు జవాన్లను నిలబెట్టాడు.

“సారూ, చిన్నగ కొట్టన్నా, గట్టిగ కొట్టన్నా?” అన్నాడు బ్రహ్మయ్య.

“బాయిలరును కొట్టినట్టు కొట్టు.”

కొట్టాడు. చెమ్మ ఆగింది. ముల్లు ముప్పై దగ్గర, చట్టం కోరినంతసేపు నిలబడింది. గౌస్ మియా గొట్టం చుట్టూ తిరిగి, అడుగున చెయ్యిపెట్టి తడిమి, పొడిచెయ్యి నాకు చూపించాడు. ఆ చుట్టుపక్కల దండ వేసిన సర్టిఫికెట్లు ఉన్న బాయిలర్లలో ఎన్ని ఆ మాత్రం నిలబడేవో నేను లెక్క తీయదలచుకోలేదు.

ఇక సేఫ్టీ వాల్వు. బ్రహ్మయ్యది లీవరు వాల్వు. ఒక ఇనుప బద్ద, దాని మీద బరువుగా ఏ కోమటి అంగట్లోంచో తెచ్చిన ఐదు సేర్ల తూకపు గుండు. గుండును బద్ద చివరి వైపు జరిపితే వాల్వు ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఇవతలికి జరిపితే తొందరగా. ఇరవైకి తెరుచుకునేట్టు గుండును జరిపి, జారకుండా అక్కడ గాడి కొట్టించాను. కొన్ని నీళ్లు వదిలి ఆవిరికి చోటు చేసి, పొయ్యిలో ఆముదపు కట్టె వేయమన్నాను. బ్రహ్మయ్య కాపలా ఇద్దరూ తప్ప మిగతా జవాన్లను కెప్టెన్ గోడ చాటుకు పంపాడు. తను మాత్రం బయటే నిలబడ్డాడు. ధైర్యవంతుడు. గొట్టానికి ముందు కాకుండా పక్కన నిలబడే తెలివి కూడా ఉంది.

నేను గేజి దగ్గర నిలబడ్డాను. ఇన్‌స్పెక్టరు చోటు అదే. దీనికి వేరే భత్యం లేదు.

ముల్లు కదిలింది. పది. పదిహేను. ఇరవై. వాల్వు ఉలకలేదు. ఇరవై రెండు. కొత్తగా సరిచేసిన వాల్వు కొద్దిగా బద్ధకిస్తుందని సర్దిచెప్పుకున్నాను. ఇరవై ఐదు. ఇప్పుడు సర్దిచెప్పుకోవడానికి పుస్తకంలో ఏమీ మిగల్లేదు. ఈ గొట్టం ముప్పైని ఒక్కసారి, అదీ చన్నీళ్లతో మాత్రమే భరించింది. లోపల నిప్పు ఎగసి మండుతోంది. దాన్ని లాగేసినా ఒత్తిడి అప్పటికప్పుడు దిగదు. బ్రహ్మయ్య పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక ఇద్దరు జవాన్లు.

గుండు గాడిలోనే ఉంది. బద్ద వంగలేదు. మరి ఏమిటి? గొట్టం అవతలి వైపుకు వంగి చూశాను. బద్ద చిట్టచివర ఎర్రబట్టలో, పసుపు కుంకుమలు పూసిన ఒక బూడిద గుమ్మడికాయ నిండుగా వేలాడుతోంది.

నేను గేజి వైపు తిరిగినప్పుడు లచ్చమ్మ కట్టిందట. చివరన కట్టిన బరువు వాల్వు దగ్గరికి వచ్చేసరికి ఎన్నో రెట్లవుతుంది. ఆ కాయ సైజుకు వాల్వు యాభై దాకా తెరుచుకోదు. అంతవరకు గొట్టం ఆగదు.

“అమ్మా, ఆ కాయ దియ్యి!”

“ఎట్ల దీస్త సారూ?” అంది లచ్చమ్మ. “పొద్దటిసంది ఊరి కండ్లు, మిలిటరీ కండ్లు అన్ని దీని మీదనే వడ్డయి. దిష్టికి గట్టిన కాయ. నడుమల దీస్తె అరిష్టం.”

తీయకపోతే ఏమవుతుందో చెప్పడానికి లీవరు సూత్రం నుంచి మొదలుపెట్టాలి. ముల్లు ఇరవై ఏడు మీద ఉంది. ఏం చెప్పాలో నేను వెతుక్కుంటుండగా వెనక నుంచి గౌస్ మియా గొంతు వినిపించింది, ఆదరా బాదరా ఏమీ లేకుండా.

“నడుమల దీయొద్దమ్మా, కరెక్టే. కాని దిష్టి తీసుడైనంక కాయ పలగ్గొట్టాలె గద? మా గల్లీల అందరు గట్లనే జేస్తరు. పలగ్గొట్టకుంటె దిష్టి అండ్లనే ఉంటది.”

లచ్చమ్మ ఒప్పుకుంది. శాస్త్రం శాస్త్రమే. ముడి విప్పి, కాయను రెండు చేతులా ఎత్తి, గొట్టానికి మూడు మార్లు తిప్పబోతే, “ఒక్కమారు చాలమ్మా, గొట్టం చిన్నదే,” అన్నాడు గౌస్ మియా. ఆమె కాయను బండకేసి కొట్టింది.

కాయ పగలడమూ, వాల్వు తెరుచుకోవడమూ నాకు ఒకేసారి వినిపించాయి. గర్జన అన్న మాట పుస్తకాల్లో చదవడం వేరు. బురుజు మీది పావురాలు ఊరొదిలి పోయాయి. గోడ చాటు జవాన్లు నేలకు కరుచుకున్నారు. కెప్టెన్ కూడా, అంతే క్రమశిక్షణతో. ఆ ఆవిరి తెరలోంచి ముత్తయ్య చేతులు పైకెత్తి ఎగరడం కనిపించింది.

“గిదే సారూ! గిదే ఫిరంగి సప్పుడు! నేను జెప్పలే?”

ముల్లు ఇరవైకి దిగింది. వాల్వు తలుపు వేసుకున్నట్టు మూసుకుంది. గొట్టం ఎక్కడిది అక్కడే ఉంది, మేమూ ఉన్నాం. కెప్టెన్ లేచి మోకాళ్లు దులుపుకుని, ముసలాయన ఏమంటున్నాడని నన్నడిగాడు. బాయిలరు సక్రమంగా పనిచేస్తోందని సంతోషిస్తున్నాడని తర్జుమా చేశాను. గుమ్మడికాయ దేనికని అడిగాడు. స్థానిక పరీక్షా విధానంలో భాగమని చెప్పాను. నవ్వాడో లేదో మీసాల వల్ల తెలియలేదు. స్వాధీనం చేసుకున్న సామాన్ల చిట్టాలో ‘ఫిరంగి’ కొట్టేసి ‘బాయిలరు, అనుమతి లేనిది’ అని రాసి, బ్రహ్మయ్యను నాకు అప్పగించి, జీపెక్కాడు.

నేను కేసు రాశాను. చదివి వినిపిస్తే బ్రహ్మయ్య ముఖం మాడ్చుకున్నాడు.

“జుర్మానానా? దేనికి సారూ?”

“బాయిలరు నడిపినందుకు.”

“మరి ఫిరంగి నడిపినందుకు?”

“అది మా డిపార్టుమెంటు కాదు.”

“మంచిగున్నది గద సారూ. పరీక్ష పాసైంది. మీ కండ్లతోనే జూసిండ్రు. ఒక సర్టిఫికెట్ రాసియ్యుండ్రి. ఆముదం ఉడకవెట్టుకుంట.”

ఇవ్వలేనని చెప్పాల్సి వచ్చింది. ఒక్క మధ్యాహ్నం నిలబడటం వేరు, పదేళ్లు రోజూ వేడెక్కి చల్లారడం వేరు. ఆ ఇనుము ఎవరు పోశారో, లోపల పొరలున్నాయో లేదో, ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. నిబంధనలన్నీ ఆ తెలియనితనం కోసమే రాసినవి. నేను పెట్టిన పరీక్ష దాన్ని ఆ పూటకు నమ్మడానికి సరిపోయింది. రేపు దాని పక్కన లచ్చమ్మను కూర్చోబెట్టడానికి సరిపోదు. ఈ మాట చెబితే బ్రహ్మయ్య వాదించాడు. లచ్చమ్మ వాదించలేదు. “పొయ్యి మీద గురిగి వెట్టుకొని ఉడకవెట్టుకుంట. మనిషి దక్కిండు,” అంది.

జాతకం లేని బాయిలరును మళ్లీ వాడటానికి వీల్లేకుండా చేసి పోవాలన్నది నియమం. ముందువైపు మూత రివెట్లు తెంపమన్నాను. తెంపింది బ్రహ్మయ్యే. తన చేత్తో వేసినవి తన చేత్తో తెంపుతుంటే మొదటిసారి ఆయన మీసాలు కిందికి దిగాయి. మూత ఊడి కింద పడింది. పాత్ర ఇక మూసినది కాదు, కనుక బాయిలరు కాదు. చట్టం సంతృప్తి చెందింది. మేము బండి మాట్లాడుకుని కట్టంగూరు వైపు బయలుదేరాం.

చెరువు కట్ట దాటాక గౌస్ మియా వెనక్కి చూడమన్నాడు. ఊరంతా కలిసి గొట్టాన్ని మళ్లీ బురుజెక్కించారు. ఇప్పుడది ఒక కొస మూసి, ఒక కొస నోరు తెరిచిన గొట్టం, చక్రాల మీద, దారి వైపు చూస్తూ. పొద్దున కెప్టెన్ చూసిన వస్తువు ఫిరంగిలా కనిపించిందంతే. సాయంత్రానికి, ప్రభుత్వ ఖర్చుతో, దానికి నేను నోరు కూడా తెరిపించాను. పక్కన మీసాలు మెలేస్తూ ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

“తిప్పమంటరా బండి?” అన్నాడు గౌస్ మియా.

“ఆవిరి పుట్టిస్తదా అది?”

“ఎట్ల పుట్టిస్తది సాబ్, మూత లేకుంటె.”

“అయితే మా డిపార్టుమెంటు కాదు,” అన్నాను.

ఆయన సంచిలోంచి టోపీ తీసి, దులిపి, ఒకసారి దారి అటూ ఇటూ చూసి, మళ్లీ సంచిలోనే పెట్టుకున్నాడు.

తర్వాత ఎన్నో ఏళ్లు ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. ఆ ఊరు ఫిరంగి ఉన్న ఊరిగానే పేరు నిలుపుకుందని విన్నాను. అది ఆముదం ఉడికించిన గొట్టమని నా వల్ల బయటపడకూడదనే పేరు రాయలేదు. ఆ రోజు నాకు తెలిసింది ఇంతే: సర్టిఫికెట్ ఇనుముకు ఇస్తాం, దాన్ని వాడేది మనుషులు. రామన్నపేట సేటు కట్టెలు మిగులుతాయని తీగ కట్టాడు, లచ్చమ్మ మొగుడు మిగులుతాడని కాయ కట్టింది. వాల్వుకు ఈ తేడా తెలియదు. అందువల్ల అప్పటి నుంచి, కాగితాలున్న బాయిలరైనా లేనిదైనా, నిప్పు వేయించే ముందు నేను చుట్టూ ఒకసారి తిరిగి, అవతలి వైపు ఏం వేలాడుతోందో చూసేవాడిని. నిబంధనల పుస్తకంలో ఈ పని ఇప్పటికీ లేదు.